పికప్‌లో సబ్‌వూఫర్ పెట్టిస్తున్నారా? ముందు వైరు, ఫ్యూజ్ సంగతి చూడండి

కూరగాయలు, పండ్లు, ఫర్నిచర్, షామియానా సామాను ఇలా ఏదో ఒక లోడు మోసే పికప్ బండే మన ఇళ్లలో చాలామందికి అన్నం పెడుతోంది. అర్ధరాత్రి బాటసింగారం పండ్ల మార్కెట్‌కో, గుంటూరు మిర్చి యార్డుకో బయల్దేరే కుర్రాళ్లకు క్యాబిన్‌లో తోడు స్టీరియోనే. అందుకే బండి కొన్న కొన్నాళ్లకే "కొంచెం బాస్ పెట్టిద్దాం భాయ్" అనే మాట వస్తుంది. సంగీతం వినొచ్చా లేదా అన్నది ఉలమాను అడగాల్సిన విషయం. ఇక్కడ చెప్పుకునేది కరెంటు గురించి, ఖర్చు గురించి. తక్కువ బడ్జెట్‌లో పని చేయించేటప్పుడు చాలామంది స్పీకర్ మీద డబ్బు పెట్టి వైరు దగ్గర మిగుల్చుకుంటారు. బండి కాలిపోయే ప్రమాదం వచ్చేది సరిగ్గా అక్కడే.

మీకు నిజంగా సబ్‌వూఫర్ కావాలా?

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. సబ్‌వూఫర్ పని అందులో కింది భాగమే, అంటే దాదాపు 80-100 హెర్ట్జ్ లోపు. ఢోలక్ దెబ్బ, డ్రమ్ము గుమ్ము అక్కడ ఉంటాయి. మనిషి గొంతులో స్పష్టత మాత్రం అంతకన్నా చాలా పైన ఉంటుంది. కాబట్టి మీ బండిలో ఎక్కువగా నడిచేది తిలావత్, బయాన్, నాత్ అయితే సబ్‌వూఫర్ వల్ల పెద్దగా తేడా రాదు. అదే డబ్బుతో రెండు మంచి డోర్ స్పీకర్లు వేయించుకోండి, మాట స్పష్టంగా వినపడుతుంది. ఖవ్వాలీ, సినిమా పాటలు వినేవాళ్లకైతే సబ్‌వూఫర్ తేడా తెలుస్తుంది.

డబ్బా మీద రాసిన వాట్లు నమ్మొద్దు

"1000 వాట్స్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది క్షణకాలం వచ్చే గరిష్ఠ లెక్క. అసలు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. అది రాసి లేకపోతే యాంప్లిఫయర్ మీద ఉన్న ఫ్యూజ్ చూడండి. ఉదాహరణకు అక్కడ 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉందనుకుందాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ సుమారు 13.8. రెండూ గుణిస్తే 414 వాట్లు. క్లాస్-డి రకం యాంప్లిఫయర్ లోపలికి తీసుకున్న కరెంటులో దాదాపు 80 శాతాన్ని సౌండ్‌గా మారుస్తుంది. అంటే చేతికొచ్చేది 330 వాట్లు. పాత క్లాస్-ఏబీ రకం అయితే ఇంకా తక్కువ. 30 ఆంపియర్ల ఫ్యూజ్‌తో ఏకబిగిన 1000 వాట్లు రావడం కుదరని పని. పికప్ క్యాబిన్ చిన్నది కాబట్టి నిజమైన 150-200 వాట్లు చాలు.

ఏది కొనాలి?

సింగిల్ క్యాబిన్ పికప్‌లో సీటు వెనక చోటు చాలా తక్కువ. కారు డిక్కీలో పెట్టే 12 అంగుళాల పెద్ద బాక్స్ ఇక్కడ పట్టదు. సీటు కింద పట్టే 8 అంగుళాల 'అండర్ సీట్' సబ్‌వూఫర్ మేలు. యాంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. షాపుకు వెళ్లే ముందు సీటు కింద పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. జాకీ, పానాలు పెట్టుకునే చోటు పోకుండా చూడండి. విడిగా యాంప్లిఫయర్ తీసుకుంటే దానికి గాలి తగలాలి. దుప్పటి, గోనె సంచి కింద పెడితే వేడెక్కి ఆగిపోతుంది.

ఇంకో మాట. పికప్‌లలో 12 వోల్టుల కరెంటు ఉంటుంది, పెద్ద లారీల్లో 24. లారీ నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సామాను చవగ్గా వచ్చినా పికప్‌కు పనికిరాదు.

ప్రాణం ఈ వైరులోనే ఉంది

యాంప్లిఫయర్‌కు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా రావాలి. స్టీరియో వెనక ఉన్న సన్న వైరుకు అతుకు వేస్తే అది మోయలేక కాలుతుంది. 30 ఆంపియర్ల యాంప్లిఫయర్‌కు 8 గేజ్ రాగి వైరు సరిపోతుంది. ఎలక్ట్రికల్ షాపులో చదరపు మిల్లీమీటర్ల లెక్కన అడిగితే 10 ఇవ్వమనండి. చవక కిట్లలో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు వస్తుంది. లావుగా కనిపిస్తుంది గానీ అదే మందం ఉన్న రాగి మోసేంత కరెంటు మోయదు. చివర కత్తితో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది.

మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ నుంచి జానెడు, మూరెడు దూరంలోపే ఉండాలి. 45 సెంటీమీటర్లు దాటొద్దు. యాంప్లిఫయర్ మీద ఫ్యూజ్ ఉంది కదా, ఇంకోటి ఎందుకు అంటారు. ఆ ఫ్యూజ్ యాంప్లిఫయర్‌ను కాపాడుతుంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరును కాపాడేది మాత్రం ఈ మొదటి ఫ్యూజే. ఆ వైరు దారిలో ఎక్కడో రేకుకు ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజ్ లేని పక్షంలో బ్యాటరీలోని కరెంటంతా ఒక్కసారిగా పారుతుంది. వైరు ఎర్రగా కాలుతుంది, పక్కనే డీజిల్ పైపో, సీటు స్పాంజో ఉంటుంది. కొన్ని వందల రూపాయల ఫ్యూజ్ హోల్డర్ దగ్గర పొదుపు చేసి లక్షల బండిని పణంగా పెట్టొద్దు.

వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ తప్పనిసరి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, బోల్టు కింద పెయింట్ గీకి మెరిసే ఇనుముకే బిగించాలి. కరెంటు వైరు ఒక పక్క నుంచి, సౌండ్ వైరు ఇంకో పక్క నుంచి లాగితే ఇంజన్ రేజ్ చేసినప్పుడు వచ్చే 'కుయ్' మనే గోల తగ్గుతుంది. సీఎన్‌జీ బండి అయితే గ్యాస్ పైపు దగ్గరికి వైరు పోనివ్వొద్దు. ఫ్లోర్‌కు రంధ్రం వేసే ముందు కిందకు వంగి ఏ పైపు ఉందో చూడమనండి.

సెట్టింగ్, బ్యాటరీ, ఇన్సూరెన్స్

'గెయిన్' అనే నాబ్ వాల్యూమ్ కాదు. స్టీరియో సౌండ్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టడానికి అది. చివరిదాకా తిప్పితే సౌండ్ పగులుతుంది, స్పీకర్ కాయిల్ కాలుతుంది. 'లో పాస్' నాబ్‌ను 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

ఇంజన్ ఆపి గంటల తరబడి పాటలు పెడితే, తెల్లవారుజామున లోడు దింపాక బండి స్టార్ట్ కాదు. స్టీరియో ఆపగానే యాంప్లిఫయర్ కూడా ఆగేలా సన్నటి 'రిమోట్' వైరు స్టీరియోకే కలిపించండి.

కొత్త బండి అయితే కంపెనీ వైరింగ్ కోసే ముందు వారంటీ సంగతి షోరూంలో అడగండి. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాను మామూలుగా బండి పాలసీలో కలవదు. విడిగా చెప్పి కొంత ప్రీమియం కట్టాలి. బిల్లు లేకుండా పని చేయించుకుంటే క్లెయిమ్ దగ్గర మాట పడదు.

ఇక బస్తీలో సౌండ్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. బాస్ గోడలు దాటి పోతుంది. ఫజర్ కన్నా ముందు గల్లీలోంచి బండి తీసేవాళ్లు మెయిన్ రోడ్డు ఎక్కేదాకా సౌండ్ ఆపడం పొరుగువారి హక్కు. రోడ్డు మీద కూడా వెనక బండి హారన్ వినపడనంత సౌండ్ పెట్టొద్దు.

డబ్బులిచ్చే ముందు

పని అయిపోయాక ఇంజన్ నడుస్తుండగా పావుగంట గట్టిగా పాట పెట్టించండి. తర్వాత ఫ్యూజ్ హోల్డర్, వైరు, ఎర్త్ బోల్టు చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే బిగింపు లూజు లేదా వైరు సన్నం. అదే పాట నడుస్తుండగా మీటరుతో బ్యాటరీ దగ్గర, యాంప్లిఫయర్ దగ్గర వోల్టేజీ కొలవమనండి. తేడా అర వోల్టు దాటితే వైరు మార్చమని, ఎర్త్ మళ్లీ బిగించమని అడగండి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాకే డబ్బులివ్వండి.