సోడా గ్యాసుతో ఉక్కు కోత

గోళీసోడా కొట్టగానే బుస్సుమని పైకొచ్చే కార్బన్ డయాక్సైడే ఉక్కు రేకును కోస్తుంది, శుభలేఖ మీద లతలు చెక్కుతుంది. దానిచేత ఆ పని చేయించే లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ తయారుచేశాడు. బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగ్ చదివినవాడు. అంతకుముందరి గ్యాసు లేజర్లు దాదాపు అన్నీ పరమాణువులో ఎలక్ట్రాన్ల గెంతులను నమ్ముకున్నవి. పటేల్ మాత్రం అణువు కంపనాలను నమ్మాడు.

పరమాణువు కదలడానికి మూడు దిక్కులు. మూడు పరమాణువులంటే తొమ్మిది. క్లాసులో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని చెప్పేది వీటినే. అణువు మొత్తంగా చోటు మారడానికి మూడు పోతాయి. కార్బన్ డయాక్సైడ్‌లో పరమాణువులు ఒకే గీత మీద ఉంటాయి కనుక గిరగిర తిరగడానికి రెండే చాలు. మిగిలిన నాలుగూ కంపనాలు. వంకరగా ఉండే నీటి అణువుకైతే మూడే మిగులుతాయి.

మధ్యలో కార్బన్, చెరో పక్క ఆక్సిజన్. ఆక్సిజన్లు రెండూ కలిసి దూరం జరిగి, కలిసి దగ్గరైతే ఒక కంపనం: సెకనుకు సుమారు 40 లక్షల కోట్ల సార్లు. ఒకటి దగ్గరవుతుంటే రెండోది దూరమైతే ఇంకొకటి: సుమారు 70 లక్షల కోట్లు. అణువు నడుములో వంగి లేవడం 20 లక్షల కోట్లు. ఇది పైకీ కిందికీ ఒకటి, ముందుకీ వెనక్కీ ఒకటి, వేగం ఒకటే.

ఒట్టి కార్బన్ డయాక్సైడ్‌తో మొదట వచ్చింది మిల్లీవాట్ల వెలుగే. నైట్రోజన్ కలిపాక కథ మారింది. రెండే పరమాణువులున్న నైట్రోజన్‌కు ఉన్నది ఒక్క కంపనం, దాని వేగమూ దాదాపు 70 లక్షల కోట్లే. తేడా ఒక్క శాతం కూడా లేదు. గొట్టంలో కరెంటు పారితే నైట్రోజన్ ఊగుతుంది గానీ, ఆ శక్తిని వెలుగుగా విడిచిపెట్టలేదు. చేతిలో డబ్బుండీ ఖర్చుపెట్టే దారి లేనివాడి పరిస్థితి. కార్బన్ డయాక్సైడ్ గుద్దుకోగానే అంతా దానికి అప్పగిస్తుంది. ప్రకృతి ఈ రెండు అంకెలనూ ఇంత దగ్గరగా పెట్టకపోతే ఈ యంత్రం బొమ్మగానే మిగిలేదని నా అభిప్రాయం.

70 నుంచి 40కి దిగేటప్పుడు వెలువడేదే 10.6 మైక్రాన్ల కిరణం. కిందికి దిగిన అణువు అక్కడే కూర్చుంటే లేజర్ ఆగిపోతుంది. 40 అంటే రెండు ఇరవైలు కాబట్టి, ఆ శక్తి వంగే కంపనంలోకి సులువుగా జారుతుంది. దాన్ని ఖాళీ చేసి వేడిని గొట్టం గోడలకు చేరవేసేది మూడో గ్యాసు, హీలియం.

ఈ కిరణం కంటికి కనబడదు, మామూలు గాజులోంచి దూరదు. అందుకే తొలి రోజుల్లో ఉప్పు స్ఫటికాన్ని కిటికీగా బిగించేవారు. తేమకు అది మసకబారేది. ఇప్పుడు జింక్ సెలినైడ్ వాడుతున్నారు. 1967లో బ్రిటన్‌లో ఆక్సిజన్ ఊదుతూ ఈ కిరణంతో ఉక్కు రేకు కోశారు. శరీరంలోని నీరు దీన్ని ఇట్టే పీల్చేస్తుంది కనుక గొంతు ఆపరేషన్లకూ పనికొచ్చింది.

లోహాల కోతలో ఫైబర్ లేజర్లు దీన్ని చాలావరకు పక్కకు నెట్టాయి. కలప, అక్రిలిక్ షాపుల్లో ఇంకా ఇదే రాజు. అన్నిటికన్నా సున్నితమైన చిప్‌లు ముద్రించే యంత్రాల్లో ఇది సెకనుకు 50,000 కరిగిన తగరపు బొట్లను కొట్టి, ముద్రణకు కావలసిన 13.5 నానోమీటర్ల వెలుగును పుట్టిస్తోంది.