చక్రాల మీద ఇల్లు: కొత్తదా, పాతదా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ యిల్లే చక్రాలెక్కి గంటకు 60 మైళ్ళ వేగంతో పరుగెత్తితే దాని మరమ్మతులు యెలా వుంటాయో, పాపం, వారు వూహించి వుండరు. అమెరికాలో లక్షలాది కుటుంబాలకు అది అనుభవంలోని సంగతే.

అక్కడ 'ట్రావెల్ ట్రెయిలర్' అనే బండి వున్నది. దానికి సొంత యింజను వుండదు. పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోవాలి. లోపల మాత్రం పడకలు, పొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానాల గది అన్నీ వుంటాయి. వాలీ బయమ్ అనే ఆయన 1936లో 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్' అనే అల్యూమినియం బండిని తయారుచేసి యీ వాహనాలకు పేరు తెచ్చాడు. నేడు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం యీ పరిశ్రమకు ఆటపట్టు. అక్కడ వుద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఒక బండి కొనాలనుకుంటే, వారికీ మొదట యెదురయ్యే ప్రశ్న ఒకటే: కొత్తదా, పాతదా?

కొత్తదానికి అందం వున్నది, హామీ పత్రం వున్నది. కాని దుకాణం గడప దాటగానే దాని ధర పడిపోతుంది. అప్పు తీర్చే గడువు 10, 15 యేళ్ళు; హామీ సాధారణంగా ఒక్క యేడు. కొంతకాలానికి బండి విలువ కంటే బాకీయే యెక్కువైన సంసారాలు కద్దు. పోనీ, కొత్తది గనుక లోపాలుండవా అంటే, అదీ లేదు. కరోనా తరువాత గిరాకీ పెరిగి 2021లో అన్ని రకాలూ కలిపి 6 లక్షల బండ్లు కర్మాగారాల నుంచి బయటికి వచ్చాయి. అంత హడావిడి పనిలో వూడిపోయే మరలూ, కారే గొట్టాలూ వుండడంలో వింత లేదు. పైగా పొయ్యి ఒక కంపెనీది, ఇరుసు మరొకరిది. హామీలు కూడా వేరువేరు. వేసవిలో బాగుచేయించడానికి యిస్తే వారాల తరబడి వంతు కోసం కాచుకోవలసి రావచ్చు. ఈలోగా పిల్లల సెలవులు కాస్తా అయిపోతాయి.

పాతబండి కొంటే ధర పడిపోయిన నష్టం మొదటి యజమాని ఖాతాలోకి పోతుంది. చిన్నచిన్న లోపాలు కూడా అతడే సరిచేయించి వుండవచ్చును. కాని అక్కడ పొంచివున్న శత్రువు నీరు. చాలా బండ్ల గోడల్లో పైరేకు కింద సన్నని కొయ్య వుంటుంది. పైకప్పు అతుకుల్లో పూసిన బంక యెండకు పగులుతుంది. వాన చుక్క లోపలికి దిగుతుంది. పైకి నిగనిగలాడుతూనే వుంటుంది గాని లోపల కొయ్య కుళ్ళిపోతుంది. దాన్ని బాగుచేయించే ఖర్చు ఒక్కొక్కప్పుడు బండి ధరను మించుతుంది.

అంచేత కొనేవారు మూలల్లో నేలను కాలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే వదులుకోవలసిందే. అలమారాల్లో మరకలున్నవేమో, బయటి గోడ యెక్కడైనా వుబ్బినదేమో చూడాలి. టైరు అరగలేదని మురిసిపోరాదు. దాని మీది చివరి నాలుగంకెలు పుట్టిన తేదీని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అయిదారేళ్ళు దాటినది చూపుకు బాగున్నా మార్చవలసిందే. రహదారిపై అది పగిలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. గ్యాసు కారితే హెచ్చరించే పరికరానికి కూడా కాలపరిమితి వుంటుంది.

ఇక కొత్తదైనా, పాతదైనా కొన్ని పనులు తప్పవు. కొన్ని నెలలకొకసారి కప్పు యెక్కి అతుకులు చూసుకోవాలి. రబ్బరు కప్పుకు తగిన బంకే పూయాలి. చేతికందిందని సిలికోన్ పూస్తే అది నిలవదు. తరువాత అసలు బంకను కూడా సరిగా అంటనివ్వదు. కొండనాలుకకు మందేస్తే వున్న నాలుక వూడినట్లే! చలికాలం ముందు గొట్టాల్లో నీరు తీసివేయకపోతే, అది గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి.

ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టగల మనిషి వుంటే, తెలిసినవారి చేత పరీక్ష చేయించి పాతది కొనడం మేలు. ధరలో కొంత భాగం మరమ్మతులకని ముందే విడిగా వుంచుకోవాలి. అంత ఓపిక లేనివారు చిన్నదైనా కొత్తది కొని, మొదటి రెండు మూడు రాత్రులు దుకాణానికి దగ్గరలోనే గడిపి, ప్రతి కుళాయీ, ప్రతి దీపమూ పరీక్షించుకోవాలి. దూరప్రయాణం ఆ తరువాతనే.