ఫ్యాక్టరీ జోను: రైతు ఇచ్చునదేమి, పుచ్చుకొనవలసినదేమి?



ఏ రాష్ట్రములోనైనను పరిశ్రమలు పెరుగవలెనన్నచో పెట్టుబడి పెట్టువారు ముందుకు రావలెను. వారిని రప్పించుటకు ప్రభుత్వములు పలు విధములైన సదుపాయములు కల్పించుచున్నవి. స్థలము చూపుట, రోడ్డు వేయించుట, కరెంటు ఖర్చులో కొంత తగ్గించుట, పన్నులో కొంత తిరిగి ఇచ్చుట వీనిలో ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో స్థలములు సిద్ధము చేసి పరిశ్రమలకు ఇచ్చుటకై 1973 సం॥లోనే ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. తెలంగాణములో 2014 సం॥న చేసిన చట్టము ప్రకారము అనుమతులన్నియు ఒకే చోట, గడువులోపల ఇయ్యవలెను. గడువు దాటినచో ఇచ్చినట్లే భావింపవలెను.

ఇవి అన్నియు సర్కారు తన చేతి నుండి ఇచ్చునవి. కాని రైతు చేతి నుండి తీసి పరిశ్రమకు ఇచ్చు సదుపాయము మరియొకటి కలదు. దానినే ఫ్యాక్టరీ జోను అందురు. ఆయిల్ పామ్ తోట వేసినవారికి, వేయదలచినవారికి ఈ మాట కొత్త కాదు. కాని జోనులో తాము ఇచ్చినదేమో, దానికి బదులు తమకు రావలసినదేమో ఎరిగి తోట వేయువారు తక్కువ. ఆ లెక్కను ఇచట వివరింతుము.

జోను ఎందుకు అవసరమైనది?

మిరప పండించిన రైతు ధర నచ్చనిచో బస్తాలను శీతల గిడ్డంగిలో పెట్టి నాలుగు నెలలు ఆగగలడు. పత్తిని ఇంటిలో ఒక మూల పోసి మంచి ధరకు ఎదురు చూడగలడు. ఆయిల్ పామ్ గెలలకు ఈ వీలు లేదు. కోసిన గెలను 24 గంటలలో మిల్లులో వేయుట మంచిది. ఆలస్యమైన కొలదియు పండులోని నూనెలో ఆమ్లము పెరిగి దాని నాణ్యత చెడును. అందుచే మిల్లు తోటలకు దగ్గరలోనే ఉండవలెను.

మిల్లు పెట్టువాని కష్టమును కూడ మనము ఆలోచింపవలెను. కోట్లు ఖర్చు చేసి యంత్రములు బిగించినవానికి ఏడాది పొడుగున గెలలు రావలెను. చుట్టుపట్ల తోటలు లేనిచో మిల్లు పెట్టుటకు ఎవడును సాహసింపడు. మిల్లు లేనిచో తోట వేయుటకు ఏ రైతును సాహసింపడు. ఒకరు ముందు కదలినగాని రెండవవారు కదలరు. ఈ చిక్కును విప్పుటకే 1993 సం॥లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆయిల్ పామ్ ఉత్పత్తి, శుద్ధి క్రమబద్ధీకరణ చట్టమును చేసినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణము కూడ ఆ చట్టమునే అనుసరించినది.

ఈ పద్ధతి మంచి ఫలితమునే ఇచ్చినది. నేడు దేశములో తయారగు పామాయిల్‌లో నూటికి 98 పాళ్ళు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ రాష్ట్రములదే. అందును తెలుగు రాష్ట్రములదే పెద్ద వాటా. పెదవేగి, అశ్వారావుపేట, అప్పారావుపేటలలో సహకార సమాఖ్యల మిల్లులు వెలసినవి. పలు జోనులలో ప్రైవేటు మిల్లులును వెలసినవి. ఆయిల్ పామ్‌పై పరిశోధన చేయు కేంద్ర సంస్థ కూడ ఏలూరు దగ్గర పెదవేగిలోనే ఉన్నది.

చట్టమునకు రెండు వైపులు

ఈ చట్టము ప్రకారము ప్రభుత్వము కొన్ని మండలములను కలిపి ఒక జోనుగా ప్రకటించి, దానిని ఒక ఫ్యాక్టరీకి అప్పగించును. ఆ జోనులోని రైతు తన గెలలను ఆ ఫ్యాక్టరీకే ఇయ్యవలెను. పక్క ఊరిలో వేరొక ఫ్యాక్టరీ ఉన్నను, అక్కడ ధర బాగున్నను, గెలలను అటు తోలుటకు వీలు లేదు. ఇది చట్టమునకు ఒక వైపు.

రెండవ వైపు ఇది. జోనును పుచ్చుకొన్న ఫ్యాక్టరీ అందులో పండిన పక్వమైన గెలలన్నింటిని కొనవలెను. మిల్లు నిండినదనియో, బజారు పడిపోయినదనియో త్రిప్పి పంపరాదు. ధరను ఫ్యాక్టరీ తన ఇష్టము వచ్చినట్లు కట్టరాదు. ప్రభుత్వము నిర్ణయించిన పద్ధతిని బట్టియే ధర ఇయ్యవలెను. మొక్కలు పెంచి ఇచ్చుట, సాగు మెలకువలు చెప్పుట, సేకరణ కేంద్రములు నెలకొల్పుట కూడ జోను పొందిన కంపెనీ పనులే.

పొరుగు మిల్లుకు అమ్ముకొను స్వేచ్ఛను రైతు వదలుకొనుచున్నాడు. ఆ స్వేచ్ఛయే కంపెనీకి దొరకిన అన్నిటికంటె విలువైన రాయితీ. దానికి బదులుగా ఖాయమైన కొనుగోలు, న్యాయమైన ధర, సరియైన తూకము రైతుకు రావలెను. ఇవి కంపెనీ దయతో ఇచ్చునవి కావు. రైతు ముందుగా ఖరీదు చెల్లించి కొనుక్కొన్నవి.

ధర ఎట్లు కట్టుదురు?

గెలల ధర ముడి పామాయిల్ ధరను అనుసరించి యుండును. 2021 సం॥లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జాతీయ ఆయిల్ పామ్ పథకములో, ముడి నూనె ధరలో నూటికి 14.3 వంతులు గెలల ధరగా ఫ్యాక్టరీలు ఇయ్యవలెనని చెప్పబడినది. ముడి నూనె టన్ను రు. 1,00,000 ఉన్నదనుకొన్నచో, గెలలు టన్నుకు రు. 14,300 అగును. ఐదేండ్ల సగటును బట్టి కట్టిన గిట్టుబాటు ధరకంటె బజారు ధర తక్కువైనచో, ఆ తేడాను ప్రభుత్వము రైతు బ్యాంకు ఖాతాలో వేయవలెనని కూడ ఆ పథకములో ఉన్నది.

రాష్ట్రములలో ధర కట్టునపుడు చూచు అంశము మరియొకటి కలదు. అది గెలలలోని నూనె శాతము. ఒక మిల్లులో నూటికి 18.5, మరియొక మిల్లులో 19.5 వచ్చినదనుకొందము. టన్ను గెలలకు 10 కిలోల నూనె తేడా. కిలో నూనె రు. 100 అయినచో, టన్నుకు రు. 1,000 విలువ తేడా. ఈ ఒక్క అంకె కొరకే ఆంధ్ర రైతులు, తెలంగాణ ధరతో సమానముగా తమకును ఇయ్యవలెనని చాలకాలము అడిగిరి. 2019 సం॥లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ తేడా సొమ్మును తానే భరించినది. కావున మీ జోనులో ఏ శాతమును బట్టి ధర కట్టుచున్నారో మీకు తెలిసియుండవలెను.

ధర నిలకడగా ఉండునని మాత్రము నమ్మరాదు. మన దేశమునకు కావలసిన పామాయిల్‌లో చాల భాగము ఇండోనేషియా, మలేషియాల నుండి వచ్చును. అక్కడి ధర మారినను, మన దిగుమతి సుంకము మారినను, ఇక్కడ గెలల ధర మారును. 2022 వేసవిలో టన్ను రు. 20,000 దాటిన ధర, మరుసటి ఏడు రు. 13,000 దరిదాపులకు దిగినది. ఎకరమునకు 8 టన్నులు పండించు రైతుకు ఇది రు. 56,000 తేడా. 2024 సెప్టెంబరులో సుంకము పెంచగా ధర మరల లేచినది. 2025 మే నెల చివర ముడి నూనెపై సుంకము తగ్గించిరి. మంచి ధర ఉన్న ఏడు చూచి తోట వేయరాదు. తక్కువ ధర వచ్చిన ఏడు కూడ నిలువగలమా అని లెక్క చూచుకొని వేయవలెను.

నాటుటకు ముందు ఆలోచింపవలసినవి

వరి, మొక్కజొన్న వేసినవాడు నష్టము వచ్చినచో మరుసటి కారు పైరు మార్చును. నిజాము కాలమున వెలసిన బోధన్ చక్కెర మిల్లు 2015 సం॥ చివర మూతపడినపుడు అక్కడి చెరకు రైతులు చాల ఇబ్బంది పడిరి. కాని ఒకటి రెండు ఏండ్లలో పైరు మార్చుకొనుటకు వారికి వీలుండెను. ఆయిల్ పామ్ తోట 25, 30 ఏండ్లు ఉండునది. అంతకాలమును కొనువాడు ఒక్కడే. కావున ఈ క్రింది విషయములను మొదటనే చూచుకొనవలెను.

1. మీ జోను ఏ కంపెనీది? మిల్లు ఇప్పటికే నడచుచున్నదా, కట్టవలసియున్నదా? కట్టవలసియున్నచో, అంతవరకు గెలలను ఎక్కడికి తోలుదురు, బండి బాడుగ ఎవరిది? ఇది వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుడు.

2. నీరు చాలునా? ఎకరమునకు సుమారు 57 మొక్కలు పట్టును. ఎదిగిన చెట్టుకు రోజునకు 150 నుండి 200 లీటర్లు కావలెను. ఎండలలో ఇంకను ఎక్కువ. అనగా ఎకరమునకు రోజుకు 11,000 లీటర్లకు పైమాటే. వేసవిలో ఎండిపోవు బోరును నమ్మి ఈ తోట వేయరాదు. నీరున్నవారు బిందు సేద్యము తప్పక పెట్టుకొనవలెను.

3. కాపు వచ్చువరకు ఇల్లు ఎట్లు గడచును? మూడు, నాలుగు ఏండ్లవరకు తోట నుండి రాబడి లేదు. కేంద్ర పథకములో హెక్టారునకు ఏడాదికి రు. 5,250 తోట పోషణకు, అంతే సొమ్ము అంతరపంటకు, నాలుగేండ్లపాటు సాయముగా నిర్ణయింపబడినది. ఈ కాలములో వరుసల మధ్య వేరుసెనగ, మొక్కజొన్న, కూరగాయలు, అరటి వేసికొనవచ్చును. చెట్లు ఎదిగిన పిమ్మట నీడలో కోకో వేసి గోదావరి జిల్లాల రైతులు రెండవ రాబడి పొందుచున్నారు.

4. మొక్క మంచిదా? టెనెరా జాతి మొక్క, సుమారు 12 నెలల వయస్సు గలది, గుర్తింపు పొందిన నర్సరీది కావలెను. మొక్కలిచ్చిన తేదీ, సంఖ్య గల రశీదును జాగ్రత్తపెట్టుడు. నాలుగేండ్ల తరువాత చెట్టు కాయనిచో మీ చేతిలో ఉండు ఆధారము అదియే.

కాపు వచ్చిన తరువాత

ఫ్యాక్టరీ తన మాట నిలుపుకొనవలెనన్నచో మనమును మన మాట నిలుపుకొనవలెను. పచ్చి గెల కోసినచో నూనె శాతము తగ్గును. ఒక్కరు చేసిన ఈ తప్పు జోను మొత్తము ధరను క్రిందికి లాగును. పండు నారింజ రంగు తిరిగి, గెల నుండి ఐదారు పండ్లు వాటంతట అవియే రాలినపుడు కోయవలెను. 10 నుండి 15 రోజులకు ఒకసారి తోటను చూచి కోయుట మంచిది. రాలిన పండ్లను వదలక ఏరి పంపవలెను. నూనె వానిలోనే ఎక్కువ.

ధర ఎక్కువున్న వైపునకు గెలలను సరిహద్దు దాటించిన సందర్భములును లేకపోలేదు. ఆ నాటికి నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చును. కాని మీరే జోను కట్టడిని దాటినచో, రేపు ధర పడినపుడు “మా గెలలు తప్పక కొనవలెను” అని గట్టిగా అడుగుటకు నోరు రాదు.

సేకరణ కేంద్రములో మీ కంటి ఎదుట కాటా వేయించుడు. తూకము చీటీ చేతికి వచ్చువరకు కదలకుడు. గెలలు త్రిప్పి పంపినచో కారణము చీటీపై వ్రాయించుకొనుడు. నెల ధర ప్రకటించిన తరువాత చీటీలను, బ్యాంకులో పడిన సొమ్మును సరిచూచుకొనుడు. తేడా ఉన్నచో ఉద్యానశాఖ అధికారికి వ్రాసి ఇయ్యుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దలు అననే అన్నారు.

గ్రామాధికారులకు ఒక మాట

జోను ఉన్న గ్రామములలో మీ పని మొక్కల లెక్క వ్రాయుటతో తీరదు. నెల నెల ప్రకటించు గెలల ధర పంచాయతీ పలకపై వ్రాయించుడు. పంట నమోదులో తోట పేరు, విస్తీర్ణము సరిగా ఎక్కించుడు. నమోదు తప్పినచో తేడా సొమ్ము వచ్చినపుడు రైతు పేరు జాబితాలో ఉండదు.

కౌలు రైతును కూడ మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టములో సాగు హక్కు పత్రమునకు 11 నెలల కాలమే పెట్టిరి. 30 ఏండ్ల తోటను అతడు వేయజాలడు. భూమి యజమాని తోట వేసిన నాడు, ఆ పొలమును నమ్ముకొన్న కౌలుదారునకు పొలము పోవును. అట్టివారి పేర్లను ముందుగానే గుర్తించి, అంతరపంటల సాగులోను, కోత పనులలోను వారికి చోటు దొరకునట్లు యజమానులతో మాటలాడుట మీ వలన కాగల మేలు.

దేశములో ఆయిల్ పామ్‌కు పనికివచ్చు భూమి 28 లక్షల హెక్టార్లు ఉన్నదని 2020 సం॥లో లెక్క కట్టిరి. 2021 నాటికి వేసినది సుమారు 3.70 లక్షల హెక్టార్లే. కావున ఇంకను చాల మండలములలో జోనులు ఏర్పడును. ఇంకను చాలమంది రైతుల గడపలకు మొక్కల బండ్లు వచ్చును. పరిశ్రమ రావలెను, నిలువవలెను. మీరు పండించు గెలలతోనే అది నిలుచును. మొక్క నాటక ముందు జోను షరతులను చదివి, తెలియనిది అడిగి, చీటీలను భద్రపరచుకొనుడు. ఈ మూడును చేసిన రైతు 30 ఏండ్ల తోటను ధైర్యముగా పెంచగలడు.