నిజాం బంగారం, మైసూరు ఆనకట్ట: అపోహలు – వాస్తవాలు

చిత్తూరు జిల్లా పూతలపట్టు ప్రాంతం 1801లోనే ఆర్కాటు నవాబు చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయింది. అందుకే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడి గానీ, మైసూరు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఏలుబడి గానీ ఇక్కడివాళ్లు ఎరగరు. అయినా బెంగళూరు పొరుగునే ఉంది, హైదరాబాదు మొన్నటిదాకా రాజధాని. దాంతో ఈ ఇద్దరినీ పోల్చే మాటలు ఇక్కడా వినబడుతుంటాయి. నిజాం దేశానికి అయిదు టన్నుల బంగారం దానం చేశాడనేది అందులో ఒకటి. నిజానికి 1965లో ఆయన ఇచ్చింది 425 కిలోలు. అదీ దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. పాకిస్తాన్‌తో యుద్ధం తర్వాతి రోజుల్లో అది అక్కరకు వచ్చిందంటే ఒప్పుకోవాలి, దానమంటే మాత్రం ఒప్పుకోలేం.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: మైసూరు రాజు కట్టించాడు, నిజాం దాచుకున్నాడు అని. కృష్ణరాజసాగరం, నిజాంసాగర్ రెండూ 1931లోనే పూర్తయ్యాయి. మైసూరు విశ్వవిద్యాలయం 1916లో వస్తే ఉస్మానియా 1918లో వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత గండిపేట చెరువుకు ప్రణాళిక వేసిన ఇంజనీరు విశ్వేశ్వరయ్యే మైసూరు వెళ్లి కావేరి మీద కృష్ణరాజసాగరం ఆనకట్ట పని ఎత్తుకున్నారు. ఆయన్ను హైదరాబాదుకు పిలిపించింది ఆరో నిజాం ప్రభుత్వం. చెరువుకు పెట్టిన పేరు మాత్రం కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌ది. పైగా ఈ కట్టడాలకు ఖర్చయిన సొమ్ములో రైతు కట్టిన శిస్తూ ఉంది. అందుకే ఆనకట్టలు లెక్కబెట్టి రాజుల్ని తూచడం నాకు సరికాదనిపిస్తుంది. జనం మాటకు ఎవరు ఎంత చోటిచ్చారన్నదే అసలు తేడా. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లే ఎక్కువున్న రాజ్యంలో ఉస్మానియా చదువు ఉర్దూలో సాగింది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పుట్టకముందే నిషేధానికి గురైంది. మైసూరులో 1881 నుంచే ప్రజా ప్రతినిధి సభ ఉంది. వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా కోసం 1918లో మిల్లర్ కమిటీ వేసినప్పుడు దివాను విశ్వేశ్వరయ్యే ఒప్పుకోక పదవి వదిలినా, రాజు వెనక్కి తగ్గలేదు.

మరి మైసూరు రాజు రామరాజ్యమే నడిపాడా అంటే అదీ కాదు. 1938లో మన రాష్ట్ర సరిహద్దు పక్కనే, విదురాశ్వత్థంలో, కాంగ్రెస్ జెండా ఎత్తినవాళ్ల మీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. ప్రజలకు జవాబు చెప్పే బాధ్యతాయుత ప్రభుత్వం కూడా కృష్ణరాజు ఇచ్చిన వరం కాదు. ఆయన పోయిన ఏడేళ్లకు, 1947లో, ‘మైసూరు చలో’ అని జనం కదిలితేనే వచ్చింది. ఆ అక్టోబరులో మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి.రెడ్డి మనకు పొరుగున ఉన్న కోలారు జిల్లా మనిషి. హైదరాబాదు జనం మాత్రం నిజాం ఏలుబడి పోవడానికే 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చేదాకా ఆగాల్సివచ్చింది.