వీడియో నిజమే... మరి దాని చివర ఏది?

ఈ ఎపిసోడ్ టాపిక్ రాజకీయాలు, ఫేక్ న్యూస్, మీడియా. కానీ ఏ పార్టీ పేరూ ఎత్తను. ఎందుకంటే పేరు ఎత్తగానే మీలో సగం మంది "వీడు వాళ్ల మనిషి" అని ఫిక్స్ అయిపోతారు. ఆ ఫిక్స్ అయిపోవడం గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు ఒక వీడియో. ప్లే చేయను, మాటల్లో చెప్తాను. ఒక సందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. సీసీ కెమెరాలో రికార్డ్ అయినట్టు పైనుంచి కనిపిస్తుంటుంది. బైక్ మీద ఇద్దరు వస్తారు. వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాణ్ణి లాక్కుని బైక్ మీద వేసుకుంటాడు. బైక్ వెళ్లిపోతుంది. మిగతా పిల్లలు అరుస్తూ వెంట పరిగెడతారు. అంతే, వీడియో అయిపోయింది.

ఇది చూస్తే మీకేమనిపిస్తుంది? గుండె జారిపోతుంది కదా. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా ఎక్కువ.

2018లో ఈ వీడియో మన దేశంలో ఫోన్ ఫోన్‌కీ తిరిగింది. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు మన ఏరియాలో దిగాయి, జాగ్రత్త" అనే మెసేజ్‌లతో పాటు తిరిగింది.

కానీ ఆ వీడియో అక్కడితో అయిపోదు. అసలు వీడియోలో బైక్ వాళ్లు వెనక్కి వస్తారు. పిల్లాణ్ణి దింపేస్తారు. కెమెరాకి ఒక బోర్డు చూపిస్తారు. కరాచీ వీధుల్లో ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్తగా ఉండండి అని దాని అర్థం. పాకిస్తాన్‌లో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రుల అవగాహన కోసం తీయించిన వీడియో అది. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. కొత్తగా ఏమీ కలపలేదు, ఎడిటింగ్ మాయలు చేయలేదు. చివర కోశారు, అంతే.

కారు కంటే ముందే మెసేజ్ చేరింది

ఆ ఒక్క వీడియోనే కాదు. చనిపోయిన పిల్లల దృశ్యాలు కూడా తిరిగాయి, అవయవాల కోసం చంపేశారు అంటూ. అవి 2013లో సిరియాలో జరిగిన విషవాయువు దాడిలో చనిపోయిన పిల్లలవి. మన తెలుగు రాష్ట్రాల్లో ఆడియో మెసేజ్‌లు తిరిగాయి. మన యాసలో, మన పక్కింటాయన మాట్లాడినట్టే ఉండే గొంతుతో. "పార్ధీ గ్యాంగ్ వచ్చింది" అని.

ఆ ఏడాది దేశంలో ఈ పుకార్ల వల్ల ఇరవై మందికి పైగా చనిపోయారు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో, భిక్షాటన చేసుకుని బతికే సంచార జాతి మనుషులు ఐదుగురిని చంపేశారు.

ఇంకొకటి వివరంగా చెప్పాలి. జులై 13న హైదరాబాద్ నుంచి కొంతమంది స్నేహితులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకి, ఫ్రెండ్‌ని కలవడానికి కారులో వెళ్లారు. దారిలో ఆగినప్పుడు, స్కూల్ పిల్లలు కనిపిస్తే చాక్లెట్లు ఇచ్చారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. కానీ ఊళ్లో వాళ్లకి అనుమానం వచ్చింది. గొడవ మొదలైంది. వీళ్లు భయపడి కారెక్కి బయల్దేరారు. ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. కారు తర్వాతి ఊరు ముర్కి చేరేలోపే మెసేజ్ అక్కడికి చేరిపోయింది. రోడ్డుకి అడ్డం పెట్టి కారు ఆపేశారు. హైదరాబాద్‌కి చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చనిపోయాడు. కాపాడబోయిన పోలీసులకి కూడా దెబ్బలు తగిలాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ముర్కిలో రోడ్డు మీదకొచ్చిన వాళ్లలో చాలామంది ఏమనుకుని ఉంటారు? "నేను పిల్లల్ని కాపాడుతున్నాను" అని. ఫేక్ న్యూస్ నమ్మేవాళ్లు చదువు లేనివాళ్లు, తెలివి లేనివాళ్లు అని మనం తేలిగ్గా అనేస్తాం. అది కాదు. పుకారు మనలో ఉన్న చెడ్డ గుణాన్నే వాడుకోదు, మంచి గుణాన్ని కూడా వాడుకుంటుంది. పిల్లల మీద ప్రేమ, ఊరి మీద బాధ్యత, వీటినే పట్టుకుని మనల్ని రోడ్డు మీదకి తెస్తుంది.

నేరేటివ్ అంటే ఏంటి?

"నేరేటివ్" అనే మాట ఈ మధ్య అందరం వాడుతున్నాం. "నేరేటివ్ సెట్ చేస్తున్నారు" అంటాం. అసలు అదేంటి? సింపుల్‌గా చెప్పాలంటే, అచ్చు. మన బుర్రలో ముందే ఒక అచ్చు తయారై ఉంటుంది. కొత్త వార్త వచ్చినప్పుడు, ఆ అచ్చులో సరిపోతే నమ్మేస్తాం.

పార్ధీ గ్యాంగ్ అనే మాటే తీసుకోండి. పార్ధీలు వేట మీద బతికిన ఒక సంచార తెగ. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. ఆ చట్టం కింద కొన్ని తెగల్లో పుడితే చాలు, నేరం చేయకపోయినా అనుమానితులే. పార్ధీల మీద అలా ముద్ర పడింది. మన దగ్గర ఎరుకల వాళ్ల మీదా పడింది. స్టూవర్టుపురం అనగానే చాలామందికి దొంగలే గుర్తొస్తారు కదా, అది ఆ చట్టం కాలంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ ముద్ర చెరగలేదు. 2018లో ఆడియో మెసేజ్ పంపినవాడు కొత్త కథ ఏమీ అల్లలేదు. వందేళ్ల నాటి అచ్చులో కొత్త భయం పోశాడు.

దీనికి ఇంకో విషయం తోడవుతుంది, రిపీట్ అవడం. 1977లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు ఇచ్చి, ఇవి నిజమా కాదా చెప్పమన్నారు. రెండేసి వారాల తేడాతో మళ్లీ మళ్లీ అడిగారు. ముందు ఒకసారి విన్న వాక్యాలు, అవి అబద్ధమైనా సరే, రాను రాను ఇంకా నిజంలాగా అనిపించాయి వాళ్లకి. ఇప్పుడు మన ఫోన్ చూడండి. ఫ్యామిలీ గ్రూప్, కాలేజ్ గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, ఊరి గ్రూప్. నాలుగింట్లో ఒకే మెసేజ్ వస్తే మనకి నలుగురు చెప్పినట్టు అనిపిస్తుంది. నిజానికి చెప్పింది ఒక్కడే. నలుగురు ఫార్వర్డ్ చేశారు.

తెలుగులో చివర కోస్తే...

ఇప్పుడు రాజకీయాల్లోకి వద్దాం. ముందు నా తప్పు ఒకటి చెప్తాను.

నాకు నచ్చని ఒక నాయకుడి క్లిప్ నాకొచ్చింది. పన్నెండు సెకన్లు. అందులో ఆయన పేదల పథకం ఒకటి ఆపేయాలి అంటున్నాడు. నేను వెంటనే మా కజిన్స్ గ్రూప్‌లో పెట్టేశాను, "చూశారా మీవాడి బుద్ధి" అని. మా చిన్నాన్న కొడుకు ఒక్క లైన్ రాశాడు: "అన్నా, ఫుల్ వీడియో ఉందా?" వెతికాను. దొరికింది. ఆయన అన్నది ఏంటంటే, "ఈ పథకం ఆపేయాలని కొందరు అంటున్నారు, నేను మాత్రం ఒప్పుకోను."

మన భాషలో ఒక సంగతి ఉంది, గమనించారా? తెలుగులో అసలు విషయం వాక్యం చివర ఉంటుంది. "చేస్తాను", "చేయను", "అన్నాను", "అనలేదు", అన్నీ చివరే. "అని కొందరు అంటున్నారు" అన్నది కూడా చివరే. అందుకే తెలుగు ప్రసంగాన్ని తిప్పేయడానికి ఏఐ, డీప్‌ఫేక్ అక్కర్లేదు. చివరి రెండు సెకన్లు కోస్తే చాలు, అర్థం తలకిందులవుతుంది. కరాచీ వీడియోకి చేసిందే ఇక్కడా జరుగుతుంది.

మరి నేనెందుకు వెతకలేదు? ఆ క్లిప్ నా బుర్రలో ఉన్న అచ్చుకి సరిగ్గా సరిపోయింది కాబట్టి. నాకు నచ్చిన నాయకుడి మీద అలాంటి క్లిప్ వచ్చుంటే, పది నిమిషాలు కూర్చుని ఫుల్ వీడియో వెతికేవాణ్ణి. ఇదీ పోలరైజేషన్ అంటే. రెండు వర్గాలకీ అభిప్రాయాలు వేరుగా ఉండటం తప్పేం కాదు, ప్రజాస్వామ్యంలో ఉండాల్సిందే. కానీ అవతలివాళ్ల గురించి ఏం చెప్పినా చెక్ చేయకుండా నమ్మే స్థితికి వచ్చామంటే, అక్కడ ప్రమాదం మొదలైనట్టు.

ఒకటే మ్యాచ్, చూసింది రెండు

"ఫుల్ వీడియో చూస్తే సరిపోతుందా మరి?" అని మీరు అడగొచ్చు. పూర్తిగా సరిపోదు. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ అనే రెండు కాలేజీల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది, అక్కడి రకం ఫుట్‌బాల్. బాగా కొట్టుకున్నారు. ఒకడికి ముక్కు విరిగింది, ఇంకొకడికి కాలు విరిగింది. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ మ్యాచ్ ఫిల్మ్‌ని రెండు కాలేజీల విద్యార్థులకీ చూపించి, ఫౌల్స్ లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ టీమ్ ఫౌల్స్ విషయంలో డార్ట్‌మత్ వాళ్లు లెక్కపెట్టిన దానికంటే రెట్టింపుకు మించి ప్రిన్స్‌టన్ విద్యార్థులు లెక్కపెట్టారు. ఫిల్మ్ ఒకటే. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. వాళ్లకి కనిపించిందే అంత. మన క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ రివ్యూ వచ్చినప్పుడు రూమ్‌లో అరుపులు గుర్తు తెచ్చుకోండి, అర్థమైపోతుంది.

ఇంకో అధ్యయనం 1985లో వచ్చింది. 1982లో బీరూట్‌లో జరిగిన ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలను ఇజ్రాయెల్‌ని సమర్థించే విద్యార్థులకీ, అరబ్బులను సమర్థించే విద్యార్థులకీ చూపించారు. ఇద్దరూ ఒకటే అన్నారు: "ఈ వార్తలు మాకు వ్యతిరేకంగా ఉన్నాయి." కాబట్టి ఒక ఛానల్ చూసి "అమ్ముడుపోయారు" అనిపించినప్పుడు, అది ఛానల్ తప్పు కావచ్చు. మన కళ్లద్దాల తప్పు కూడా కావచ్చు. పక్షపాతం ఉన్న ఛానళ్లు లేవని నేను అనట్లేదు, ఉన్నాయి. కానీ "నాకు నచ్చలేదు" అన్నది పక్షపాతానికి రుజువు కాదు.

గద్వాలలో ఏం చేశారు?

ఇంత చెప్పాక, చేయగలిగింది ఏమీ లేదా అనిపిస్తుంది. ఉంది. మన దగ్గరే జరిగింది.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. పుకార్లు మొదలైన కొత్తలో గ్రామాల్లో తిరిగే కానిస్టేబుళ్లు ఒక మార్పు గమనించారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం, తలుపులు గడియ పెట్టుకుని లోపల పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లలో వీడియోలు చూపించారు. అప్పుడు పోలీసులు ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. ఊరూరా తిరిగారు. డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు, మన జానపద కళాకారులతోనే ఈ వీడియోల సంగతి చెప్పించారు. దేశంలో పలుచోట్ల ప్రాణాలు పోతున్నప్పుడు ఆ పల్లెల్లో ఒక్క ప్రాణం పోకుండా ఆపగలిగారు.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, "మీరు మూర్ఖులు" అని వాళ్లు చెప్పలేదు. "మీ భయం అర్థమైంది, రండి, మొత్తం కథ చెప్తాం" అన్నారు. పైగా జనానికి తెలిసిన మనుషులే, తెలిసిన భాషలో చెప్పారు. పుకారు ఏ దారిలో వచ్చిందో నిజం కూడా అదే దారిలో వెళ్లింది.

కంపెనీ వైపు నుంచి కూడా కొంత జరిగింది. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా లిమిట్ పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. దాంతో అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. అంటే, ఫార్వర్డ్ చేయడం కాస్త కష్టమైతే చాలు, సగానికి పైగా ఆగిపోతాయన్నమాట.

మరి మనం?

మూడు పనులు చేద్దాం.

ఒకటి, మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే, అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. పంపింది మీ నాన్నగారే కావచ్చు, కానీ చెప్పింది ఆయన కాదు.

రెండు, క్లిప్ చూడగానే "నిజమా, ఫేకా?" అని మాత్రమే అడగొద్దు. ముక్క నిజమే అయి ఉండొచ్చు. "దీనికి ముందు ఏముంది? తర్వాత ఏముంది? ఎక్కడిది? ఎప్పటిది?" అని అడగండి. వీడియోలో ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి ఇమేజ్ సెర్చ్‌లో పెడితే, పాత వీడియో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. కోపం తెప్పించే క్లిప్‌లకి ఇది ముందు చేయండి. మీకు బాగా నచ్చిన క్లిప్‌లకి ఇంకా ముందు చేయండి.

మూడు, పెదనాన్న తప్పు మెసేజ్ పెడితే, గ్రూప్‌లో అందరి ముందూ "ఫేక్" అని కొట్టిపారేయకండి. పరువు పోయిందనిపిస్తే మనిషి ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. విడిగా ఫోన్ చేసి, "పెదనాన్నా, ఇది నేను కూడా నమ్మాను, తర్వాత మొత్తం చూశాను" అని చెప్పండి. నాకు మా తమ్ముడు చేసింది దాదాపు అదే. ఎగతాళి చేయలేదు, ఫుల్ వీడియో ఉందా అని అడిగాడు. ఆ రోజు కోపమొచ్చింది, కానీ క్లిప్ డిలీట్ చేసి, గ్రూప్‌లో "నేను పెట్టింది తప్పు" అని రాశాను. ఆ లైన్ టైప్ చేయడానికి చాలాసేపు పట్టింది.

ముర్కి గ్రూపుల్లో ఆ రోజు ఒక్కరు, "ఆగండి, వాళ్లెవరో ముందు కనుక్కుందాం" అని రాసుంటే ఏమయ్యేదో మనకి తెలీదు. కానీ మన గ్రూపుల్లో ఆ ఒక్కరు మనం కావచ్చు.

ఈ వారం మీ ఫోన్‌లోకి వచ్చిన ఒక క్లిప్ తీసుకుని, దాని చివర ఏముందో వెతకండి. ఏం దొరికిందో నాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.