సముద్రం తడితే నేల పలుకుతుంది

ఎండాకాలం రాగానే మీ బామ్మ సంతకెళ్లి మంచినీళ్ల కుండ కొంటుంది కదా అమ్మలూ, ఎలా ఎంచుతుందో చూశావా? కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి ఒగ్గుతుంది. ఖంగుమంటే బేరం మొదలు. జీరగా పలికిందా, కంటికి ఆనని బీట ఎక్కడో ఉన్నట్టే. మారు మాట్లాడకుండా పక్కన పెట్టేస్తుంది.

నేల లోపలి సంగతి తెలుసుకునేదీ ఇలాగే. గట్టి రాతిలో కంపనాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పరుగెడతాయి. రాతిలో పగుళ్లు విచ్చుకుంటే నెమ్మదిస్తాయి. మరి నేలను తట్టేదెవరు? భూకంపం రోజూ రాదు, రాకూడదు కూడా. ఆ పని సముద్రం చేస్తుంది తల్లీ! అలల తాకిడికి రేయింబవళ్లు పుట్టే సన్నటి వణుకు నేలలో ఎంతో దూరం పాకుతుంది. మన కాళ్లకు తెలియదు, భూకంప లేఖినికి తెలుస్తుంది. ఒకప్పుడు దాన్ని వట్టి రొద అని పారేసేవారు. ఇప్పుడు రెండు చోట్ల నెలల తరబడి నమోదైన ఆ రొదనే పక్కపక్కన పెట్టి పోల్చి, ఒక చోటి నుంచి రెండో చోటికి కంపనం ఎంతసేపట్లో చేరుతుందో రాబడుతున్నారు. ఈ ఉపాయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం అనే నేల చీలిక మీద పార్క్‌ఫీల్డ్ అని చిన్న ఊరుంది. 2004 సెప్టెంబరు 28న అక్కడ 6.0 తీవ్రతతో భూమి కంపించింది. బోర్లలో దింపిన డజనుకు పైగా యంత్రాల రికార్డులు తిరగేస్తే, ఆ దెబ్బతో నేలలో కంపనాల వేగం తగ్గినట్టు తేలింది. ఎంతనుకున్నావు? వెయ్యో వంతు కూడా లేదు. రాళ్లలో అటూ ఇటూ తగులుతూ వంద సెకన్లు తిరిగే కంపనం ఉందనుకో, అది సెకనులో పదో వంతు కూడా ఆలస్యం కాదు. ఆ కాస్త తేడానీ పట్టుకున్నారు. వేగం మళ్లీ పుంజుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. పైన జనం ఎప్పుడో కుదుటపడ్డారు. కింద రాయి ఇంకా సర్దుకుంటూనే ఉంది.

రీయూనియన్ దీవిలోని అగ్నిపర్వతం దగ్గరైతే, లావా ఎగజిమ్మడానికి కొన్ని రోజుల ముందే ఈ వేగం తగ్గడం గమనించారు. అలాగని రేపు ఫలానా చోట భూకంపం అని ఈ పద్ధతి చెప్పలేదు. చెబుతామనేవాళ్లని నమ్మకు.

ఇక మన దేశానికొస్తే, మహారాష్ట్రలో కొయ్నా ఆనకట్ట దగ్గర 1967 డిసెంబరులో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి నేల ఆ తర్వాతా చిన్నచిన్నగా కదులుతూనే ఉంది. మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అక్కడా బోర్లు వేసి, వాటిలో యంత్రాలు దింపి వింటున్నారు.