పొలాలు దాటి గోడ దగ్గర ఆగిన వైఫై

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే దగ్గర్లోని వాకాడు ఊరి మిద్దెల మీద నుంచి కనిపిస్తుంది. ఆ రాకెట్ దారిని విడవకుండా పట్టిచూసే రాడార్లు సీ-బ్యాండ్ తరంగాలతో పనిచేస్తాయి. మన ఇంటి రూటరులోని 5 గిగాహెర్ట్జ్ వైఫైదీ ఆ ఇరుగుపొరుగే. వందల కిలోమీటర్ల అవతలి రాకెట్‌ను అందుకునే జాతి అల, హాల్లోంచి వెనక పడగ్గదికి చేరేసరికి నీరసించిపోతుంది. రాడార్ బలమెక్కడ, పదో వంతు వాట్‌తో పలికే రూటరు ఎక్కడ అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ ఆ కొద్దిపాటి బలంతోనే వైఫై ఊళ్ళు దాటిన కథ మన రాష్ట్రంలోనే ఉంది.

2000ల మధ్యకాలంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఒక నెట్‌వర్క్ కట్టింది. పల్లెవాళ్ళు పట్నంలోని డాక్టరుతో తెర మీద మాట్లాడటానికి, పాఠాలు వినడానికి అది దారి అయింది. కేబుల్ లేని ఆ పల్లెల మధ్య నడిచింది వైఫై పరికరాలే. ఎత్తైన స్తంభాల మీద ఒకే దిక్కుకు గురిపెట్టిన యాంటెనాలు, మధ్యలో అడ్డులేని వరి పొలాలు, ఒకదానికొకటి కంటికి ఆనేంత నేరుగా ఉన్న రెండు కొనలు. అంతే, అల కిలోమీటర్లు నడిచింది. ఇలాంటి దూరపు లింకుల్లో డేటా ఎక్కడ పోతోందో కాన్పూర్ ఐఐటీలో కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్, వారి బృందం ఓపికగా కొలిచి 2006లో ప్రచురించారు. వాళ్ళు పట్టుకున్న ప్రధాన దోషి దూరం కాదు, అదే గాలిలో పనిచేస్తున్న ఇతర పరికరాల అలల జోక్యం. ఇంట్లో సిగ్నల్ బాగుచేసుకోవాలనుకునే ప్రతివాళ్ళకూ మొదట తెలియాల్సిన సంగతి ఇదని నేననుకుంటాను. వైఫైకి దూరం కన్నా గోడ, గోడ కన్నా గుంపు కష్టం.

ఈ గుంపు పుట్టుకలోనే ఉంది. 1971లో హవాయి ద్వీపాల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం 'అలోహానెట్' నడిపి, కంప్యూటర్లన్నీ ఒకే రేడియో దారిని పంచుకోవచ్చని చూపింది. 1985లో అమెరికా కొన్ని తరంగాల వరసలను లైసెన్సు అక్కర్లేకుండా సమాచారానికి వదిలింది. వాటిలో ముఖ్యమైనది 2.4 గిగాహెర్ట్జ్, మైక్రోవేవ్ పొయ్యిలు వాడుకునే వరస. ఎవరికీ పెద్దగా అక్కర్లేని ఆ పోరంబోకులోనే వైఫై గుడిసె వేసుకుంది. 1997లో వచ్చిన మొదటి ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లు. రెండేళ్ళకు అది 11 అయింది, వైఫై అన్న పేరూ అప్పుడే వచ్చింది. మన దేశం 2005 జనవరిలో ఈ 2.4 వరసను లైసెన్సు బంధం నుంచి తప్పించింది. అందుకే ఈరోజు ఎవరైనా దుకాణంలో రూటరు కొని, ఎవరినీ అడక్కుండా ప్లగ్గులో పెట్టుకోగలుగుతున్నారు. పక్క ఫ్లాటు వాళ్ళూ, పై ఫ్లాటు వాళ్ళూ అదే పని చేశారు.

గోడల సంగతి ఇంకా ఆసక్తికరం. ఖాళీ కల్యాణ మండపంలో మైకు పట్టుకుంటే మన మాటే నాలుగు గోడల నుంచి తిరిగొచ్చి, ముందు మాట వెనక మాటలో కలిసిపోతుంది. గదిలో రేడియో అలకూ అదే గతి. వేగం పెంచేకొద్దీ బిట్లు దగ్గరవుతాయి, ప్రతిధ్వనులు వాటిని అలికేస్తాయి. దీనికి మంచి మందు కనిపెట్టినవాళ్ళలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ఇంజినీరు జాన్ ఓసలివాన్ బృందం ఒకటి. ఆయన అంతకుముందు పేలిపోయే చిన్న కృష్ణబిలాల రేడియో జాడ కోసం వెతికారు. జాడ దొరకలేదు, కానీ చెదిరిన సిగ్నల్‌ను గణితంతో చక్కదిద్దే నేర్పు మిగిలింది. ఒకే పరుగు ధారను చాలా నెమ్మది పాయలుగా చీల్చి పంపితే, ఒక్కో పాయలో ప్రతిధ్వని సద్దుమణిగే వ్యవధి ఉంటుంది. 1992లో వాళ్ళు తొలి పేటెంటు దరఖాస్తు చేశారు. ఆ ఏడాదే మరో మలుపు. భారత నౌకాదళంలో సోనార్ పరికరాలు రూపొందించి, తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో వచ్చే అలలనే వేర్వేరు వాహకాలుగా వాడుకోవచ్చన్నారు. రూటరుకు ఒకటికి మించి యాంటెనాలు ఉండటానికి మూలం ఆ ఆలోచనే. 2009 ప్రమాణంతో అది ఇళ్ళలోకి వచ్చింది. శత్రువును కూలికి పెట్టుకున్న ఈ ఆలోచన నాకు ఈ కథంతటిలోనూ ఎక్కువ ఇష్టం.

ఇంత చేసినా ఇనుప చువ్వల కాంక్రీటు కాంక్రీటే. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు పన్నెండు సెంటీమీటర్లు. ఇటుక గోడను కొంత నష్టంతో దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ అల అందులో సగం కన్నా తక్కువ పొడవు, వేగం ఎక్కువ, గోడల ముందు త్వరగా లొంగుతుంది. ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము దారిలో ఉంటే రెండింటికీ దెబ్బే. ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ మైనస్ 50 చూపితే హాయి, మైనస్ 70 దాటి కిందికి పోతే వీడియో తడబడటం మొదలవుతుంది. ఆ అంకె మూడు తగ్గితే అందే శక్తి సగమైనట్టు.

మన ఇళ్ళలో రూటరు చోటును నిర్ణయించేది మనం కాదు, వైరు. 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊరూరికీ వచ్చింది. స్తంభం నుంచి దిగిన తీగ వీధి గుమ్మం పక్క గోడకు చేరుతుంది, పెట్టె అక్కడే బిగుస్తుంది. అప్పుడు దాని అలల్లో సగం వీధికే పోతాయి. ఇంకొంచెం వైరు ఇప్పించి ఇంటి నడిమికి, మనిషి ఎత్తుకు పైన, బీరువాకు దూరంగా మార్చడం కన్నా చవకైన వైద్యం లేదు. నిలువు యాంటెనా పక్కలకు బాగా చిమ్ముతుంది, నెత్తి మీదికీ కాళ్ళ కిందికీ తక్కువ. అపార్టుమెంటులో 2.4 వరసలో ఒకదానికొకటి తగలని ఛానళ్ళు 1, 6, 11 మూడే. ఏది కాస్త ఖాళీగా ఉందో చూసి పెట్టాలి. దగ్గరి గదుల్లో 5కు మారిపోతే ఆ మేరకు గుంపు తగ్గుతుంది.

పవర్ ఎక్కువన్న రూటరు కొంటే సరిపోతుందా? వైఫై రెండు వైపుల సంభాషణ. రూటరు కేకేసినా, ఫోన్ తన చిన్న బ్యాటరీతో జవాబు చెప్పాలి. ఆ గొంతు పెరగదు. ఫుల్ గీతలు కనిపిస్తూనే పేజీ తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. చవక రిపీటరు వినడం, చెప్పడం ఒకే ఛానల్లో చేస్తుంది గనుక వేగం దాదాపు సగం పోతుంది. నమ్మదగింది వెనక గది దాకా లాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో పెట్టె పెట్టడం.

తూపిలిపాలెం, దుగరాజపట్నం వైపు ఉప్పుగాలి ఊళ్ళలో బాల్కనీలోనో మిద్దె మీదో పరికరం పెట్టాల్సి వస్తే, మూతలేని కనెక్టర్లు తుప్పు పడతాయి. వానా గాలీ చొరబడని పెట్టెలోనే ఉంచాలి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు కరెంటు పైపులకు కాస్త ఎడంగా లాన్ కేబుల్ కోసం మరో పైపు గోడల్లో వేయించుకోవాలి. సీలింగు, పూత పని మొదలవకముందే మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు చెబితే అదనపు ఖర్చు స్వల్పం. ఒక్క లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఏ ఇంటికైనా అది చాలు.